ఇరవై ఏళ్ల గేమ్‌లోకి ఇప్పుడు అడుగుపెడితే?

వేలమంది ఒకేసారి ఆడే పాత ఆన్‌లైన్ గేమ్‌లు ఇంకా నడుస్తున్నాయి. ముందొచ్చినవాళ్లంతా ఎప్పుడో పైకి ఎక్కేసిన ఆ లోకాల్లో, ఈరోజు కొత్తగా వెళ్లేవాళ్లకి ఏం మిగిలింది? పోచారం నుంచి ఒక జవాబు.

ఉప్పల్ నుంచి వరంగల్ హైవే పట్టుకుని బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటితే పోచారం వస్తుంది. ఇక్కడ ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. అన్నోజిగూడ మీదుగా ఘట్‌కేసర్ దాకా ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. హాస్టళ్లలో, షేరింగ్ ఫ్లాట్లలో ఉండే పిల్లలకు కొదవ లేదు. వాళ్ల నోట గేమ్ అన్న మాట వచ్చిందంటే బీజీఎంఐ గురించో, వాలరెంట్ గురించో అయి ఉంటుంది. అయినా మధ్యమధ్యలో ఇంకో ప్రశ్న వినపడుతూ ఉంటుంది. "అన్నా, రూన్‌స్కేప్ ఇప్పుడు స్టార్ట్ చేస్తే ఏమన్న ఉంటదా? అంతా అయిపోయిందా?" రూన్‌స్కేప్ బదులు ఒక్కోసారి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అంటారు, ఒక్కోసారి ఫైనల్ ఫాంటసీ అంటారు. అడిగే పిల్లవాడు చాలాసార్లు ఆ గేమ్ కంటే వయసులో చిన్నవాడు.

వాడి భయం గ్రాఫిక్స్ గురించి కాదు. బొమ్మలు పాతగా ఉంటాయని వాడికి తెలుసు, దానికి సిద్ధపడే అడుగుతున్నాడు. ఆఖరి బంతి కూడా లేచిపోయాక పెళ్లికి వెళ్లినట్టు అవుతుందేమోనని వాడి బెంగ. అది న్యాయమైన బెంగే. దానికి నా జవాబు మొదటే చెప్పేస్తాను. మొదలుపెట్టవచ్చు. కాకపోతే గేమ్ వయసు చూడక్కర్లేదు, మొత్తం ఎంతమంది ఆడుతున్నారన్న లెక్క కూడా చూడక్కర్లేదు. కింది లెవెళ్లలో ఇంకా మనుషులు తిరుగుతున్నారా అన్నది ఒక్కటి చూసుకుంటే చాలు.

ఒంటరిగా ఆడుకునే కథల గేమ్ ఇరవై ఏళ్ల తర్వాత తెరిచినా అదే కథ, అదే ఆట. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అలా కాదు. అందులో సగం సరుకు కంపెనీ తయారుచేస్తే మిగతా సగం తోటి ఆటగాళ్లే. అల్టిమా ఆన్‌లైన్ 1997లో వచ్చింది. ఎవర్‌క్వెస్ట్ 1999లో, రూన్‌స్కేప్ 2001 జనవరిలో, ఈవ్ ఆన్‌లైన్ 2003లో, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో వచ్చాయి. ఇవన్నీ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. సర్వర్ వెలుగుతోంది కదా అని లోపల ఊరు బతికి ఉన్నట్టు కాదు. ఆ తేడా కనిపెట్టడమే కొత్తవాడి మొదటి పని.

ప్రోంటెరా వీధుల్లో మనవాళ్లు

2000ల మధ్యలో హైదరాబాద్‌లో గేమింగ్ అంటే నెట్ సెంటరే. సిఫీ ఐవేలు, రిలయన్స్ వెబ్‌వరల్డ్‌లు, ఇవి కాక గల్లీల్లో ప్లైవుడ్ క్యాబిన్లు కట్టి నడిపే చిన్న సెంటర్లు. కౌంటర్ స్ట్రైక్ గోలే ఎక్కువ. ఆ గోలలో ఒక మూల సిస్టమ్ దగ్గర, గులాబీ రంగు జెల్లీ ముద్దల్ని చిన్న కత్తితో పొడుస్తూ నిమ్మళంగా కూర్చున్నవాళ్లు ఒకరిద్దరు ఉండేవాళ్లు. వాళ్లు ఆడుతున్నది రాగ్నరాక్ ఆన్‌లైన్. లీ మ్యుంగ్ జిన్ గీసిన కొరియన్ బొమ్మల కథ ఆధారంగా గ్రావిటీ అనే కంపెనీ 2002లో తెచ్చిన గేమ్. లెవెల్ అప్ గేమ్స్ అనే సంస్థ మన దేశం కోసం విడిగా సర్వర్ పెట్టి దాన్ని నడిపింది. ఆ రోజుల్లోనే సిఫీ కూడా ఏ3 అనే మరో కొరియన్ గేమ్‌ని ఇక్కడికి తెచ్చింది.

రాగ్నరాక్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉండేది. కొట్లాటలో శక్తి అయిపోయినప్పుడు కీబోర్డు మీద ఇన్సర్ట్ నొక్కితే మన బొమ్మ నేల మీద చతికిలబడుతుంది. నిలబడి ఉన్నప్పటి కంటే కూర్చుంటే శక్తి తొందరగా తిరిగి వస్తుంది. కాబట్టి ప్రోంటెరా నగరం దక్షిణపు వాకిలి బయట ఎప్పుడు చూసినా కొంతమంది నేల మీద కూర్చుని కనపడేవాళ్లు. ఆ కాసేపు చేయడానికి పనేమీ లేదు. అందుకని మాటలు మొదలయ్యేవి. ఏ ఊరు, ఏ కాలేజీ, ఈ కత్తి ఎక్కడ దొరికింది, ఆ గుహలోకి పోవాలంటే ఏ లెవెల్ ఉండాలి. దారినపోయే అకోలైట్, అంటే గాయాలు మాన్పే పాత్రవాడు, ఎవరో అడగకుండానే ఒక హీల్ వేసి వెళ్లిపోయేవాడు. వ్యాపారి పాత్ర తీసుకున్నవాళ్లు వీధికి రెండు పక్కలా అంగళ్లు తెరుచుకుని కూర్చునేవాళ్లు. కోటల కోసం గిల్డ్‌ల మధ్య యుద్ధాలు జరిగేవి. సెంటర్‌లో పక్క క్యాబిన్‌లో ఉన్నవాడే శత్రువు గిల్డ్‌లో ఉండటం మామూలే.

2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చాక ఆట ఇళ్లలోకి చేరింది. నెలకి ఇన్ని ఎంబీలని లెక్క ఉండేది. కొన్ని ప్లాన్లలో మాత్రం రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా ఎంత వాడినా లెక్కలోకి వచ్చేది కాదు. అలారం పెట్టుకుని రెండింటికి లేచిన తరం అది.

ఇది పాతరోజుల మీద బెంగతో చెప్పడం లేదు. ప్రోంటెరా వాకిలి బయట ఆ కూర్చోవడంలో ఒక కిటుకు ఉంది. ఆట ఆగిన ఆ కాస్త ఖాళీలోనే స్నేహాలు కుదిరాయి. తర్వాత వచ్చిన గేమ్‌లు ఆ ఖాళీని లోపం అనుకుని తీసేశాయి. ఒక బటన్ నొక్కితే ముక్కూమొహం తెలియని నలుగురితో కలిపి యుద్ధంలో పడేస్తాయి, అది అయిపోగానే ఎవరి దారి వారిది. ఒక్క మాట కూడా లేకుండా గంటలు గడిచిపోతాయి. పాత గేమ్‌లో ఇప్పుడు అడుగుపెట్టడానికి గట్టి కారణం ఏదైనా ఉందంటే, తీరిక ఇంకా మిగిలి ఉన్న లోకాలు అవి కావడమే.

తర్వాత ఆ ఇండియా సర్వర్ మూతపడింది. రాగ్నరాక్ చావలేదు, బయట దేశాల్లో నడుస్తూనే ఉంది. మనవాళ్లు ఏళ్ల తరబడి పెంచుకున్న పాత్రలే పోయాయి. ఇలాంటి గేమ్ మొదలుపెట్టే ప్రతివాళ్లూ ఈ సంగతి తెలుసుకునే మొదలుపెట్టాలి. అక్కడ మనం కూడబెట్టేది ఏదీ మన చేతిలో ఉండదు. సిటీ ఆఫ్ హీరోస్ అనే అమెరికన్ గేమ్‌ని దాని యజమాని ఎన్‌సీసాఫ్ట్ 2012 నవంబర్ 30న ఆపేసింది. ఆడినవాళ్లు వదల్లేదు. సొంత సర్వర్లు పెట్టుకుని బతికించుకున్నారు. చివరికి 2024 జనవరిలో హోమ్‌కమింగ్ అనే అభిమానుల బృందానికి అదే కంపెనీ అధికారికంగా లైసెన్స్ ఇచ్చింది. ఇంత మంచి ముగింపు అందరికీ దక్కదు.

కింది లెవెళ్లు ఎందుకు ఖాళీ అవుతాయి

కంపెనీ రెండేళ్లకో మూడేళ్లకో ఒక కొత్త భాగం విడుదల చేస్తుంది. లెవెల్ హద్దు 60 నుంచి 70కి, 70 నుంచి 80కి పెంచుతుంది. పాతవాళ్లంతా అక్కడికి తరలిపోతారు. కింద ఉన్న అడవులు, గుహలు, ఐదుగురు కలిస్తేగానీ తెరవలేని కోటలు అలాగే ఉండిపోతాయి, వాటి దగ్గర ఐదుగురు దొరకరు. కొత్తవాడు ఒంటరిగా ఆ దారంతా నడవాలి. సర్వర్‌లో లక్షమంది ఉన్నా వాడికి కనపడేది పాడుబడ్డ ఊరే.

దీనికి ఒక్కో కంపెనీ ఒక్కోలా మందు వేసింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2014 నుంచి డబ్బు తీసుకుని పాత్రను నేరుగా పై లెవెల్‌కి ఎక్కించడం మొదలుపెట్టింది. ఇది నాకు నచ్చదు. నడవకుండా దాటేయడానికి డబ్బు కట్టమన్నారంటే, ఆ దారి నడవదగ్గది కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ దారి కావాలన్నవాళ్లు లేక కాదు. 2013లో అభిమానుల సభలో ఒకరు పాతకాలపు సర్వర్లు ఇస్తారా అని అడిగితే, మీకు నిజంగా అది కావాలని లేదు అన్న ధోరణిలో వేదిక మీది పెద్దమనిషి జవాబిచ్చాడు. 2016 ఏప్రిల్‌లో నోస్టాల్‌రియస్ అనే అభిమానుల సర్వర్‌ని కంపెనీ నోటీసులిచ్చి మూయించింది. మళ్లీ తెరవమంటూ రెండు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. 2019 ఆగస్టులో అదే కంపెనీ క్లాసిక్ పేరుతో పాతకాలపు ఆటను తనే తెరిచింది. మొదటిరోజు లోపలికి వెళ్లడానికి గంటల తరబడి క్యూ. అందరూ ఒకేసారి మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టడంతో కింది ఊళ్లన్నీ మళ్లీ నిండిపోయాయి.

ఫైనల్ ఫాంటసీ 14 వేసిన మందు నాకు ఎక్కువ నచ్చింది. 2010లో వచ్చి ఘోరంగా విఫలమై, దర్శకుడు నవోకి యోషిదా చేతిలో 2013 ఆగస్టులో మళ్లీ పుట్టిన గేమ్ అది. అందులో కొత్తవాడి పేరు పక్కన చిన్న మొలక గుర్తు కనపడుతుంది. రౌలెట్ అనే పద్ధతిలో పాతవాళ్లను రోజూ ఏదో ఒక పాత కోటకి పంపిస్తారు. వాళ్ల బలాన్ని ఆ కోట స్థాయికి దించుతారు. జట్టులో ఆ కోటను మొదటిసారి చూస్తున్నవాడు ఉంటే అందరికీ అదనపు బహుమతి. దాంతో కొత్తవాడు అందరికీ లాభం అవుతాడు. వాడు దారి తప్పినా విసుక్కోరు. గిల్డ్ వార్స్ 2 ఇంకో దారి పట్టింది. 2012లో పెట్టిన 80వ లెవెల్ హద్దు ఇప్పటికీ 80 దగ్గరే ఉంది. ఎంత పెద్దవాడైనా కింది ప్రాంతానికి వస్తే బలం ఆ స్థాయికే తగ్గుతుంది, కాబట్టి పాతవాడికీ కొత్తవాడికీ ఒకే పోరాటంలో పని ఉంటుంది. గేమ్ ఎంచుకునే ముందు ఇలాంటి ఏర్పాటు ఏదైనా ఉందా అని వెతకాలి. ట్రైలర్లు చూసి ఈ సంగతి తెలుసుకోలేం.

కేకు కోసం పిండి

పోచారంలో ఉన్న పిల్లవాడు ఒక్కటే పేరు చెప్పమంటే నేను ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అంటాను. గోవర్ అన్నదమ్ములు తయారుచేసిన రూన్‌స్కేప్ మార్పుల మీద మార్పులు పడి పాతవాళ్లకి గుర్తుపట్టరానిదిగా మారిపోతే, జాగెక్స్ కంపెనీ 2013 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, 2007 ఆగస్టు నాటి కాపీని బయటికి తీసి విడిగా నడపడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి కొత్తగా ఏది కలపాలన్నా దాదాపు ఎప్పుడూ ఆటగాళ్ల ఓటు గెలవాల్సిందే. మొదట్లో 75 శాతం మంది ఒప్పుకోవాలనేవారు, తర్వాత దాన్ని 70కి దించారు. ఇలా నడిచిన గేమ్‌లో 2025లో ఒకే సమయంలో ఆడుతున్నవాళ్లు రెండు లక్షలు దాటారు. మొదలై పుష్కరం గడిచాక జనం పెరిగిన గేమ్ ఇది.

మొదటి గంట ఎలా ఉంటుందో చూపిస్తాను. లంబ్రిడ్జ్ అనే చిన్న కోట దగ్గర దిగుతాం. వంటింట్లో వంటవాడు కంగారుగా ఉంటాడు. దొరగారి పుట్టినరోజుకి కేకు చేయాలి, సరుకులు లేవు. గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమంటాడు. గుడ్డు కోళ్ల దొడ్లో నేల మీద దొరుకుతుంది. పాల కోసం బకెట్ వెతుక్కుని ఆవు దగ్గరికి పోవాలి. పిండి సంగతే అసలు ముచ్చట. దుకాణంలో కొనుక్కురమ్మని ఎవరూ చెప్పరు. గోధుమ చేలోకి వెళ్లి కంకులు కోయాలి. పక్కనే ఉన్న గాలిమర మిల్లులో నిచ్చెనలెక్కి పై అంతస్తుకి పోయి, గింజలు తొట్లో పోసి, మీట లాగాలి. మళ్లీ కిందికి దిగి వస్తే డబ్బాలో పిండి పడి ఉంటుంది. తెచ్చుకున్న కుండ అప్పుడు నింపుకోవాలి. కుండ మరిచిపోయి వస్తే మళ్లీ కోటకి నడక.

ఇందులో కత్తి లేదు, రాక్షసుడు లేడు. అయినా మీట లాగి కిందికి పరుగెత్తేటప్పుడు ఒక సంతోషం కలుగుతుంది. ఆ మిల్లు దగ్గర ఇప్పటికీ మనుషులు కనపడతారు. పెద్ద లెవెల్ వాడు కూడా ఏదో పని మీద లంబ్రిడ్జ్ మీదుగా పోతూనే ఉంటాడు. కోళ్ల దొడ్లో తడబడుతున్నవాణ్ని చూసి నాలుగు నాణేలో, ఒక కత్తో ఇచ్చిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. కింది లెవెళ్లలో మనుషులు ఉండటం అంటే ఇదే.

ఇంకో సుగుణం, ఇక్కడ కథ ఒకే వరసలో నడవదు. చేపలు పట్టుకుంటావా, చెట్లు కొడతావా, వంట నేర్చుకుంటావా, నీ ఇష్టం. ముందొచ్చినవాళ్లు ఎక్కడున్నారన్న బెంగ ఒక వారంలో తగ్గిపోతుంది.

పోచారంలో కూర్చుని

ఈ పాత గేమ్‌లలో చాలావాటికి మన దేశంలో సర్వర్ లేదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సింగపూర్ ఇక్కడి నుంచి 3,300 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ 7,000 కిలోమీటర్లు. కేబుల్ తిన్నగా వేసినా సింగపూర్‌కి పోయి రావడానికి 33 మిల్లీసెకన్లు, ఫ్రాంక్‌ఫర్ట్‌కి 70 పడతాయి. నిజంలో కేబుళ్లు సముద్రాలు చుట్టి వస్తాయి కాబట్టి యూరప్ పింగ్, అంటే పోయి వచ్చే సమయం, దానికి రెట్టింపు ఉండటం మామూలే. 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా ఈ దూరం తగ్గదు. కాల్చుకునే గేమ్‌లలో ఇది ప్రాణాంతకం. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో మాత్రం సర్వర్ 0.6 సెకన్లకి ఒకసారి లెక్క చూసుకుంటుంది. 600 మిల్లీసెకన్ల ఆ గడియారం ముందు 200 పింగ్ పెద్ద అడ్డంకి కాదు. పాతకాలపు మందకొడి తయారీ మనబోటి దూరపువాళ్లకి వరమైంది.

2018 అక్టోబర్ నుంచి అది ఫోన్‌లోనూ నడుస్తోంది. ఇంట్లో కంప్యూటర్‌లో వదిలిన పాత్రే ఫోన్‌లో కొనసాగుతుంది. పోచారం నుంచి బస్సులో ఉప్పల్ చేరి, అక్కడ మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా పోయే ఉద్యోగికి ఆ ప్రయాణంలో చేపలు పట్టుకునేంత తీరిక దొరుకుతుంది. ఉచిత భాగం ఒక్కటే నెలలకు నెలలు సరిపోతుంది. ఆ తర్వాత కావాలంటే నెల చందా ఉంది. ఆటలో సంపాదించిన నాణేలతో బాండ్ కొని 14 రోజుల సభ్యత్వం పొందే వీలూ ఉంది. ఆట నాణేల్ని బయట అసలు డబ్బుకి అమ్మడం, కొనడం మాత్రం వద్దు. అది కంపెనీ నిబంధనలకి విరుద్ధం, ఖాతా పోతుంది.

చట్టం మాటేమిటని పెద్దలు అడుగుతారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం కాసే ఆటల్ని నిషేధించింది. మన రాష్ట్రం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం తెచ్చింది. పందెం లేకుండా చందా మాత్రమే కట్టి ఆడే ఆటని ఆ కేంద్ర చట్టం వేరే కోవలో పెట్టింది.

ఇక కాలం సంగతి. ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో ఒక విద్యలో 99వ లెవెల్ చేరాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి. 92కి చేరేసరికి అందులో సగమే పూర్తవుతుంది. ఆఖరి ఏడు లెవెళ్లు మొదటి తొంభై రెండింటితో సమానం. ఇంటర్ రెండో ఏడు చదివేవాళ్లు, ఎప్‌సెట్ రాయబోయేవాళ్లు ఇటువైపు రావద్దు. ఆట ఎక్కడికీ పోదు, పరీక్ష అయ్యాక కూడా ఉంటుంది. నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు నిద్ర మానుకుని ఆడొద్దు. వచ్చిన నెల రోజుల్లో ఒక్కరితోనైనా నాలుగు మాటలు కలవకపోతే ఆ గేమ్ వదిలేయండి. ఎన్ని గంటలు పెట్టాం, ఎన్ని లెవెళ్లు ఎక్కాం అని లెక్కలు వేసుకోవద్దు. ఇక్కడ మనిషి లేకపోతే మిగిలేది క్లిక్కులే.

తోడు ఎవరూ దొరకరనుకుంటే, తోడుని మనమే వెంటబెట్టుకుపోవచ్చు. పోచారం, ఉప్పల్, నాచారం ఇళ్లలో డాలస్‌లోనో, ఫ్రిస్కోలోనో ఒక అన్నో తమ్ముడో లేని ఇల్లు తక్కువ. వీడియో కాల్‌లో పది నిమిషాలయ్యేసరికి మాటలు అయిపోతాయి. తిన్నావా, చలిగా ఉందా, అమ్మకి ఇవ్వు. అదే ఇద్దరూ కలిసి మిల్లు దగ్గర గోధుమలు కోస్తుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. చేతికి పని ఉన్నప్పుడు మనిషి తేలిగ్గా మాట్లాడతాడు. ఆదివారం పొద్దున ఇక్కడ ఏడైతే డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ల చలికాలంలో ఏడున్నర. ఇద్దరికీ కుదిరే వేళ. సర్వర్ జాబితాలో యూకే వరల్డ్ ఎంచుకోండి. లండన్ నుంచి డాలస్‌కి, లండన్ నుంచి హైదరాబాద్‌కి దూరం ఇంచుమించు ఒకటే, 7,700 కిలోమీటర్లు అటూ ఇటూ. తమ్ముడికెంత ఆలస్యమో అన్నకీ దాదాపు అంతే.